బాయే తరఫ్ కిటికీ

ఆ రోజుల్లో మా గద్వాలలో విమానమంటే కింద నుంచి చూసే వస్తువు. పొద్దున పూట తూర్పు దిక్కున ఎక్కడో కనబడీ కనబడకుండా పోయేది. ఆ చప్పుడు వినగానే మగ్గాలు ఆగిపోయేవి, అన్నం కలుపుతున్న చేతులు కంచాల్లోనే ఉండిపోయేవి, పిల్లా పెద్దా అందరం మిద్దెలెక్కేవాళ్లం. మా వాళ్లు దాన్ని గాలిమోటరు అనేవారు. అందులో మనుషులుంటారని ఊరంతా ఒప్పుకుంది గానీ, ఆ మనుషులకు మేము కనబడతామా అన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు. అది మొదట మా పెద్దనాయనకు వచ్చింది, నా ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పటి పిల్లలు విమానం ఎక్కాలంటే కొండలు ఏ పక్క వస్తాయి, సముద్రం ఏ పక్క వస్తుంది అని ముందే విచారించుకుని, ఆ పక్క కిటికీ ఖాయం చేసుకుని గానీ ఇల్లు కదలడం లేదు. వాళ్లకది ముచ్చట. నేను మాత్రం కిటికీ కోసం పడ్డ పాట్లు బతుకుతెరువు కోసం పడ్డాను. (మీసం అప్పుడప్పుడే మొలుస్తున్న వయసు లెండి, బతుకంటే చాలా తెలుసుననుకునేవాణ్ణి.)

నాకు ఊహ తెలియకముందే అమ్మానాన్నలు పోతే పెద్దనాయన, పెద్దమ్మ నన్ను పెంచారు. పెద్దనాయనది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించుకుని, నేలమట్టాన కూర్చుని నేసే మగ్గం అది. ఆయన పొద్దున గుంటలో దిగితే మధ్యాహ్నం అన్నానికి పైకి వచ్చేవాడు, మళ్లీ దిగితే దీపాలవేళకు వచ్చేవాడు. నాకూ నేర్పాలని చాలా ప్రయత్నం చేశాడు. గద్వాల చీరలో నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెంటినీ కలిపే చోట ఆయన చేతిలో అతుకు తెలిసేది కాదు. నా చేతిలో మాత్రం నూలూ పట్టూ పాతకక్షలున్న దాయాదుల్లా ఎడమొహం పెడమొహం పెట్టేవి. చివరికి నన్ను నాగర్‌కర్నూలులో మా మేనమామ ఇంట్లో పెట్టి ఉర్దూ బడికి పంపారు. అక్కడ అంటిన నాలుగు ముక్కల చదువు చూసి వనపర్తిలో ఒక చీరల సావుకారు నన్ను దుకాణంలో పెట్టుకున్నాడు. చీరలు విప్పి చూపడం, కొననివాళ్లను మనసులో తిట్టుకుంటూ మళ్లీ మడతపెట్టడం నా పని. ఆ సావుకారు ఇప్పుడు పట్నంలో, అంటే హైదరాబాదులో, కొత్త దుకాణం తెరుస్తూ నన్ను అక్కడికి వచ్చి ఉండమన్నాడు. నాకు కాళ్లు నేలమీద నిలవడం లేదు. పెద్దనాయన మాత్రం అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆయన అవుననకుండా ఆ ఇంట్లో పిల్లి కూడా గడప దాటేది కాదు.

ఇంతలో గాలిమోటరు వచ్చిపడింది. మా సావుకారు దుకాణానికి ఎదురుగా ఇంకో చీరల దుకాణం ఉండేది. ఆ దుకాణం ఆయన ఎక్కడో విమానం ఎక్కి వచ్చి, వనపర్తి బజారులో నిలబడి చేతులు చాపి చూపిస్తూ ఆ కథ రోజూ చెప్పేవాడు. అది వినీ వినీ మా సావుకారుకు అన్నం సయించకుండా పోయింది. చీరల పని మీద బెంగుళూరు పోవాల్సి వచ్చినప్పుడు, పోయేటప్పుడు రైల్లో పోయి వచ్చేటప్పుడు గాలిమోటరులో రావాలని తీర్మానం చేసుకున్నాడు. ఒంటరిగా ఎక్కడానికి గుండె చాలక నన్ను తోడు తీసుకుపోతానన్నాడు. ("నీకు లోకం తెల్వాలని తీస్కపోతున్నరా" అన్నాడు నాతో. నేనూ నమ్మినట్టే తల ఊపాను.)

వనపర్తిలో సంస్థానం కొలువు చేసి దిగిపోయిన ముసలి మున్షీ సాబు ఒకాయన మా దుకాణం అరుగు మీద కూర్చుని తమలపాకులు నములుతుండేవాడు. ఒకసారి బెంగుళూరు నుంచి విమానంలో వచ్చినవాడు. కిటికీ దగ్గర కూర్చోవడంలో ఎన్ని మర్మాలున్నాయో ఆయనే నాకు ఉపదేశించాడు. రెక్క మీదుగా ఉండే కిటికీ దగ్గర కూర్చోకూడదు, కూర్చుంటే దారి పొడుగునా రెక్కే కనబడుతుంది. తోక దిక్కు కూర్చోవాలి. పొద్దున బయల్దేరేది గనక ఎండ రాని పక్క కూర్చోవాలి. అన్నీ చెప్పి, ఉమ్మి వచ్చి, "బెంగళూర్ సే ఆతే వఖ్త్ గద్వాల్ బాయే తరఫ్ పడ్తా" అన్నాడు. అంటే వచ్చేటప్పుడు గద్వాల ఎడమ పక్కకు వస్తుందని. తుంగభద్ర దాటితే మా నడిగడ్డ, కృష్ణ దాటితే వనపర్తి సీమ. చూడాల్సిందేదో ఆ రెండు ఏళ్ల నడుమ చూసుకోవాలట. బాయే తరఫ్, బాయే తరఫ్ అనుకుంటూ నేను గద్వాల చేరాను.

మగ్గం దగ్గర నిలబడి సంగతంతా చెప్పాను. పెద్దనాయన నాడె ఆపలేదు. అడ్డపోగు మోసే ఆ కర్రముక్కను ఈ చేతి నుంచి ఆ చేతికి విసురుతూనే విన్నాడు.

"గాలిమోటర్ల పోతవా?"

"పోత పెద్దనాయనా. మనూరు మీదికెళ్లే వస్తది. ఊరు బాయే తరఫ్ పడ్తదంట. నేను బాయే తరఫే కూసుంట."

"గంత మీదికెళ్లి సూస్తే మనిల్లు కనవడ్తదా?"

"ఎందుకు కనవడదు? అన్ని కనవడ్తయంట."

అప్పుడు నాడె ఆగింది. "అయితే ఒక మాట జెప్త ఇను. ఆ దినం మన మిద్దె మీద చీర పరుస్త. నువ్వు మీదికెళ్లి సూసి, ఏం రంగు చీరనో వచ్చి నాకు జెప్పు. జెప్తే పట్నం పో, నేనేమనను. జెప్పకపోతే గిదే గుంట, గిదే మగ్గం."

"గదేంది, పట్నం పోనీకె చీర రంగుతోని ఏం పని?" అంది పెద్దమ్మ, పొయ్యి దగ్గర నుంచి.

"గంత ఎత్తుకు పోయినంక గూడ ఇల్లు దొర్కవట్టుకునేటోడు యాడికి పోయినా మల్లొస్తడు. దొర్కవట్టుకోనోన్ని పంపి, మనం ఈడ ఎవనికోసం ఎదురు సూడాలె?" అని ఆయన మళ్లీ నాడె అందుకున్నాడు.

ఆ మాట నా చెవికెక్కలేదు. ఇంత తేలిక పరీక్షా అనుకుని లోలోపల మురిసిపోయాను.

బెంగుళూరులో చీరల పని రెండు రోజుల్లో అయిపోయింది. ఆ రెండు రోజులూ నేను చూసింది బెంగుళూరు కాదు, ఆకాశం. మబ్బు పడితే గుండె దిగేది, ఎండ కాస్తే లేచేది. విమానం ఎక్కేరోజు తెల్లారగట్లే అక్కడికి చేరుకున్నాం. ముందుగా మమ్మల్ని మూటలతో సహా త్రాసు మీద నిలబెట్టి తూచారు. సావుకారు త్రాసెక్కగానే ముల్లు అదిరిపడింది, తూచేవాడు ఆయన్ను కింది నుంచి పై దాకా చూసి తోటివాడి చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ ఆలోచించి, బరువుగా ఉన్నవాళ్లు ముందరి దిక్కు కూర్చోవాలన్నారు. ముందరి దిక్కంటే రెక్క దిక్కు. నేను ఈనెపుల్లలాంటి వాణ్ణి, తోకలో కూర్చుంటానంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా సావుకారుకే. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వు నా పక్కలకెళ్లి కదిల్తే నీ నౌకరి ఊడ్తది సూడు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు వణుకుతోంది.

లోపల అటు రెండు, ఇటు రెండు కుర్చీలు. నేను గబగబా ముందుకు పోయి ఎడమ పక్క, రెక్క వెనక అంచు దాటీ దాటని చోట ఒక జంట కుర్చీలు చూసి పెట్టాను. వెనక్కి తిరిగేసరికి సావుకారు కుడి పక్కన కూలబడబోతున్నాడు. "సావుకారూ, గాడ ఎండ కొడ్తది, మున్షీ సాబు జెప్పిండు, బాయే తరఫ్ రాండ్రి" అని బతిమాలి లేవదీశాను. వచ్చాడు. వచ్చి నేరుగా కిటికీ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కన్నా నిండాడు అనడం న్యాయం. నేను నడవ పక్కన మిగిలాను. పోనీలే, ఆయన భుజం మీదుగా చూడొచ్చు అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. చెవుల్లో పెట్టుకోమని మాకు తలా కాస్త పత్తి, నోట్లో వేసుకోమని పిప్పరమెంట్లు ఇచ్చారు. పత్తిని వేళ్ల మధ్య సాగదీసి పోగు పొడుగు చూశాను. అంత గాభరాలోనూ నేతింటి బుద్ధి పోలేదు.

విమానం లేచింది. సావుకారు కళ్లు మూసుకుని ఆంజనేయస్వామిని పిలుస్తూ పైకెళ్లాక ఒక్కసారి కళ్లు తెరిచి కిందికి చూశాడు. ఆ చూపే ఆఖరు. కిటికీకి ఒక చిన్న గుడ్డ తెర ఉంది. దాన్ని సర్రున లాగేసి, అంచు పిడికిట్లో పట్టుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

అక్కడి నుంచి నా పాట్లు చెప్పతరం కాదు. కింద ఊళ్లు, కొండలు, చెరువులు, లోకమంతా పోతోంది, నాకు కనబడేది మాత్రం చారల గుడ్డ. కుడి పక్క కిటికీల్లోంచి ఎండ కళ్లలో పొడుస్తోంది. చేతిలో గడియారం లేదు, ఎంతసేపయిందో తెలియదు. తుంగభద్ర వచ్చిందో, దాటిపోయిందో తెలియదు. నా నడినెత్తి మీద ఆ గుంట మగ్గం వేలాడుతున్నట్టుంది.

"సావుకారూ, జర తెర తియ్యండ్రి."

"తియ్య."

"మా ఊరొస్తది సావుకారూ. జర సూసి మల్ల వేస్త."

"ఊరేడికి పోతది? రైల్ల పోయి దిగి సూసుకో."

"మా పెద్దనాయన మిద్దె మీద చీర పరిచిండు. రంగు జెప్పాలె. జెప్పకపోతే పట్నం తోలడు."

సావుకారు ఒక కన్ను తెరిచాడు. కొత్త దుకాణానికి మనిషి లేకుండా పోతాడన్న సంగతి ఆ ఒక్క కంట్లోకి మెల్లగా ఎక్కింది. తెర వదలబోయాడు కూడా. సరిగ్గా అప్పుడే విమానం గాలి గుంటలో పడ్డట్టు దబ్బున దిగి లేచింది. ఆయన మొహం సున్నం కొట్టిన గోడ అయింది. రెండు చేతులతో నోరు మూసుకుని లేచాడు, నన్ను తొక్కుకుంటూ నడవలో పడి, వెనక తోక దిక్కుకు పరుగు తీశాడు. పాపం, సావుకారు ఏమయ్యాడో చూద్దామని కూడా నాకు అనిపించలేదు. ఆయన లేచిన వేడి ఆరకముందే కిటికీ కుర్చీలో దూరి తెర లాగి పారేశాను.

మొదట కనబడింది రెక్క. మున్షీ సాబు చెప్పింది అక్షరాలా నిజం, ఆ రెక్క కింద ఒక తాలూకా దాక్కోవచ్చు. నుదురు అద్దానికి ఆనించి మెడ వెనక్కి తిప్పితే రెక్క వెనక అంచు అవతల నేల దొరికింది. ఎర్రచేలు, నల్లచేలు, వాటి మధ్య తుంగభద్ర ఇసుక. ఏరు అప్పుడే వెనక్కి పోతోంది. దాని ఒడ్డున రాజోలి అయి ఉండాలి అనుకున్నాను. అంటే నడిగడ్డ మీదికి వచ్చేశాం. పొద్దుటి ఎండకు మా విమానం నీడ చేల మీద పడి, చిన్న పిట్టంతదై గద్వాల దిక్కుకు పరుగెడుతోంది. ఆ నీడ వెంటే కళ్లు పరుగెత్తించాను.

కోట దొరికింది. మట్టి కోట, గుండ్రటి బురుజులు, చేత్తో మూసేయవచ్చునన్నంత చిన్నది. కోటను ఆనుకుని ఊరు. మా వీధి కోసం వెతికాను. అక్కడ నాకు కళ్లు తిరిగాయి. మా ఊరి మిద్దెలన్నీ మట్టి మిద్దెలు, నేల రంగే వాటి రంగు. పైగా అది నేతగాళ్ల ఊరు. ఏ మిద్దె చూసినా ఏదో ఒక రంగు చుక్క. అద్దకం వేసి ఆరేసిన నూలు, ఎండబెట్టిన మిరపకాయలు, ఉతికిన చీరలు. నేతగాళ్ల ఊళ్లో మిద్దె మీది చీరను ఆనవాలుగా పెట్టుకున్న తెలివి మాది. ఏ చుక్క మాదో తెలుసుకోవాలని అద్దానికి ఇంకా దగ్గర జరిగాను. నా ఊపిరికే అద్దం మసకబారిపోయింది. అంగీ చేతితో తుడిచాను. తుడిచి చూసేసరికి విమానం ఎడమకు ఒరిగి, ఊరి మీదికి రెక్క వచ్చింది. రెక్క తప్పుకునేసరికి ఊరు లేదు. కింద కృష్ణ, ఎండలో మెరుస్తూ. బీచుపల్లి గుడి ఎక్కడో ఆ ఒడ్డునే ఉండి ఉంటుంది, దండం పెట్టుకోవాలన్న ధ్యాస కూడా లేకపోయింది. ఏడ్చాను. దాచుకోవడం దేనికి, ఏడ్చాను.

బేగంపేటలో దిగాక సావుకారుకు నేల తగిలిన ధైర్యం వచ్చింది. సంగతి విని నన్ను ఓదార్చాడు. "ఎర్రదని జెప్పరా. గద్వాల చీరంటే యాడనో ఒక తాన ఎరుపు లేకుండ ఉంటదా?" అన్నాడు. అది వ్యాపారి మాట, గట్టిగానే ఉంది. కాచిగూడలో బండెక్కి గద్వాల చేరేదాకా ఎర్ర చీర, ఎర్ర చీర అని వల్లించుకున్నాను. నడుమ నడుమ, పచ్చదైతే ఏం గతి అని చెమట పట్టేది. పచ్చదైనా అంచు ఎర్రగా ఉంటుందిలే అని నాకు నేనే బుజ్జగించుకునేవాణ్ణి.

ఇంట్లో అడుగుపెడితే పెద్దనాయన ఏమీ అడగలేదు. కాళ్లు కడుక్కోమన్నాడు. పెద్దమ్మ జొన్నరొట్టె పెట్టింది. తుంచి తుంచి తిన్నాను. ఆయన గుంటలో దిగి రెండు పోగులు ముడివేసుకుంటూ కూర్చున్నాడు. అడిగేస్తే బాగుండునని నాకు ఉంది, అడగకపోతే బాగుండుననీ ఉంది. చివరికి తల ఎత్తకుండానే అన్నాడు.

"ఏంరా, ఇల్లు కనవడ్డదా?"

ఎర్రది అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను. "కోట కనవడ్డది పెద్దనాయనా. ఊరు గూడ కనవడ్డది. మనిల్లు దొర్కలే" అని వచ్చింది. నేను అనలేదు, అదే వచ్చింది.

ఆయన ముడి పూర్తిచేశాడు. దాన్ని వేలితో నొక్కి చూసుకున్నాడు. నేను ఆ గుంటను, అందులో ఆయన కాళ్లను చూస్తూ నిలబడ్డాను. ఇక ఆ చోటు నాదే అనుకున్నాను.

"ఎట్ల దొర్కుతది?" అన్నాడు ఆయన. "మిద్దె మీద పరుస్తెనే గద దొర్కుడు. బాయి తరఫు వస్తదని నువ్వే అంటివి. చీర తీస్కపోయి బాయి కాడ చెట్ల నడుమ ఆరేసిన. తప్పు నాది. నువ్వు పట్నం పో."

మా దగ్గర బాయి అంటే బావి. ఆయన నా బాయేను బావి చేశాడన్నమాట. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత సంతోషం వచ్చింది, ఆ రెంటినీ తోసుకుంటూ చదువు వచ్చింది. "గది బాయి గాదు పెద్దనాయనా, బాయే. ఉర్దూల బాయే అంటె ఎడమ పక్క, దాయే అంటె కుడి పక్క" అని రెండు చేతులూ చాపి విడమరిచి చెప్పాను. బళ్లో చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. ఆయన నోరు కొద్దిగా తెరిచి శ్రద్ధగా విన్నాడు.

"గట్లనా. నాకేం ఎర్క, గుంటల కూసునేటోన్ని" అని నాడె అందుకున్నాడు.

మర్నాడు నేను మూట కట్టుకుంటుంటే పెద్దమ్మ రొట్టెలు కట్టిచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఏంరా, ఆయనకు ఉర్దూ నేర్పిస్తివా? వయసుల ఉన్నప్పుడు పట్నంల దొరల ఇండ్లకు చీరలు మోస్కపోయి ఉర్దూలనే బేరం జేసిన మనిషి. ఆయనకు బాయే అంటె తెల్వదా?"

నా చేతిలో మూట ముడి వదిలిపోయింది.

"మిద్దె మీదనే ఉంటిమిరా. గాలికి చీర నిలుస్తలేదని ఆయనొక కొస, నేనొక కొస పట్టుకుని పొద్దుగాలకెళ్లి నిలవడ్డం. గాలిమోటరు పోయినంక గూడ దించనియ్యలే. ఇంకొకటి వస్తదేమో, పోరడు దాంట్ల ఉన్నడేమో అంటడు. నా మెడ పట్టుకపోయింది. నేను జెప్పినట్టు అనకు."

బండికి టైమవుతోంది. నేను మూట అక్కడే వదిలి మిద్దె ఎక్కాను. తూర్పు దిక్కు చూస్తే ఆకాశం తప్ప ఏమీ లేదు. ఎంత ఆకాశమో, అంతా ఖాళీ. అందులో ఈగంత గాలిమోటరులో నన్ను వెతుక్కుంటూ ఆ ముసలాయన చీర కొస పట్టుకుని నిలబడ్డాడు. నేను ఇల్లు కనుక్కోలేకపోయినా ఆయన పొమ్మన్నాడు. కింద మగ్గం చప్పుడు వినబడుతోంది. దిగి వెళ్లి ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. ఆ కాళ్లు గుంటలో ఉన్నాయి. పైగా నాకు తెలిసిందని ఆయనకు తెలిస్తే ఆయన చేసిందంతా చెడిపోతుంది. అందుకే "పోయొస్త పెద్దనాయనా" అని మాత్రం అన్నాను. ఆయన "మంచిది" అన్నాడు. ఆ చీర ఏ రంగుదో ఆయన్ను అడగడానికి తర్వాత కూడా వీల్లేకపోయింది. పెద్దమ్మను అడగొచ్చు గానీ, ఎందుకో అడగలేదు.

పట్నంలో చాలా ఏళ్లు ఉన్నాను, పండగలకూ పబ్బాలకూ వచ్చిపోతూనే ఉన్నాను. ఇప్పుడు నాకు అప్పటి పెద్దనాయన కన్నా ఎక్కువ వయసు. రెండు చేతులూ చాపి ఆయనకు కుడీ ఎడమా నేర్పిన ఆ కుర్రాడు గుర్తొస్తే, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా సిగ్గేసి నవ్వుకుంటాను. అంత బాగా పాఠం విన్న శిష్యుడు నాకు మళ్లీ దొరకలేదు.